వారసత్వం లేని ఇంటిమనిషి: నాన్సీ మిట్‌ఫర్డ్ హాస్యనవల, తెలుగు సంస్థానాల నేపథ్యం

నాన్సీ మిట్‌ఫర్డ్ 1949లో ప్రచురించిన ‘లవ్ ఇన్ ఎ కోల్డ్ క్లైమేట్’ ఆద్యంతం ఆస్తి చుట్టూ తిరిగే నవల. అయినా అందులో ఆస్తి తగాదా లేదు. ఎవరూ న్యాయస్థానం మెట్లెక్కరు. దొంగ వీలునామా పుట్టదు. భోషాణంలో దాచిన దస్తావేజు చివరి ప్రకరణంలో బయటపడదు. లార్డ్ మాంట్‌డోర్ అనంతరం ఆయన బిరుదూ, హాంప్టన్ అనే వంశపారంపర్య సౌధమూ ఎవరికి దక్కుతాయో మొదటినుంచే అందరికీ తెలుసు. ఆయనకు ఒక్కతే కూతురు, పాలీ. కూతురికి బిరుదు రాదు. కనుక కెనడాలోని నోవా స్కోషియాకు చెందిన, ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగని సెడ్రిక్ హాంప్టన్ అనే దూరపు జ్ఞాతి వారసుడు. వారసత్వం అనగానే తెలుగు పాఠకుడు ఎదురుచూసే ఉత్కంఠ ఇందులో మచ్చుకైనా లేదు. ఉత్కంఠకు తావులేని వస్తువు నుంచి ఇంత హాస్యం ఎలా పుట్టిందన్నది విచారించదగిన ప్రశ్న.

ఈ నవలనూ, దీనికి ముందు 1945లో వెలువడిన ‘ది పర్స్యూట్ ఆఫ్ లవ్’నూ మర్యాదల హాస్యంగా వర్గీకరించడం పరిపాటి. విందులు, వేషధారణ, కులీనుల మొండి అలవాట్లు, వాటి నడుమ మెరిసే సంభాషణ ఈ వర్గీకరణకు ఆధారాలు. ఆ పఠనం తప్పు కాదు గానీ పైపొరతోనే ఆగిపోతుంది. మర్యాదల కింద ఒక చట్టం ఉన్నది. ఆ చట్టాన్ని తొలగించి చూస్తే లేడీ మాంట్‌డోర్ నోటిదురుసు గల ఒక ధనికురాలు మాత్రమే. సెడ్రిక్ అలంకారప్రియుడైన ఒక యువకుడు మాత్రమే. పరస్పరం ఏ సంబంధమూ లేని ఈ ఇద్దరినీ ఒకే గదిలోకి తెచ్చి, ఒకరికొకరు తప్పనిసరి అయ్యేటట్టు చేసినది పురుష జ్యేష్ఠ వారసత్వ నియమం.

లార్డ్ మాంట్‌డోర్ భారతదేశంలో వైస్రాయిగా పనిచేసి సకుటుంబంగా స్వదేశం చేరడంతో కథ ఊపందుకుంటుంది. పాలీ అపురూప సౌందర్యవతి. భారతదేశంలోని ఆంగ్ల సమాజంలో నిత్యం వినవచ్చిన ప్రేమ ప్రసంగాలతో ఆమె విసిగిపోయింది. చలిదేశంలోనైనా ఆ గోల తక్కువగా ఉంటుందని ఆశపడింది. నవల పేరులోని చమత్కారం అదే. తల్లి మాత్రం కూతురికి మహా సంబంధం కుదర్చాలని అన్ని మార్గాలూ వెదుకుతుంది. మేనత్త లేడీ ప్యాట్రీషియా మరణించిన కొద్ది కాలానికే ఆమె భర్త బాయ్ డగ్‌డేల్‌ను వివాహమాడతానని పాలీ ప్రకటిస్తుంది. అతను పాలీ తల్లికి కూడా పూర్వ ప్రియుడు. తండ్రి తన ఇష్టానుసారం రాయగలిగిన ఆస్తి నుంచి ఆమెను తొలగిస్తాడు. చట్టం ఇవ్వవలసినది చట్టం వల్ల, తండ్రి ఇవ్వదలచినది ఆయన కోపం వల్ల, అంతా సెడ్రిక్ పరమవుతుంది. ఎవరో మొరటు వలసవాసి వస్తాడని ఇంటిల్లిపాదీ గుండె చిక్కబట్టుకొని ఉండగా, పారిస్ మీదుగా ఒక సుకుమారుడు దిగుతాడు. హాంప్టన్‌లోని కళావస్తువుల విలువ ఆ ఇంటివారికంటే అతనికే బాగా తెలుసు. లేడీ మాంట్‌డోర్ కూతురిని మరచి అతని శిష్యురాలవుతుంది. పథ్యాలు, ముఖసంస్కారాలు, కొత్త వేషాలు ఆమెకు మలివయసులో మరో యౌవనాన్ని తెస్తాయి.

సెడ్రిక్ పురుషులను ప్రేమించే వ్యక్తి. వంశం పురుషుని ద్వారానే నిలవాలని కన్నకూతురిని పక్కకు నెట్టిన చట్టం సముద్రాలు దాటి వెదికి తెచ్చిన పురుషుడితో ఆ వంశం ఆగిపోనున్నది. మిట్‌ఫర్డ్ ఈ సంగతిని ఎక్కడా నొక్కి చెప్పదు. చట్టం తాను కోరినదాన్ని అక్షరాలా పొందింది. నవలలోని అతి లోతైన హాస్యం ఇదే. ఇది ఏ పాత్ర నోటినుంచీ వెలువడదు.

భారతీయ అలంకారశాస్త్రం హాస్యానికి చెప్పిన విభావాలను ఇక్కడ గుర్తుచేసుకోవడం ఉచితం. భరతుడు వికృత వేషాలంకారాలు, ధార్ష్ట్యం, లౌల్యం, అసత్ప్రలాపం మొదలైనవాటిని హాస్య విభావాలుగా పేర్కొన్నాడు. లేడీ మాంట్‌డోర్ పాత్రలో ధార్ష్ట్యానికీ లౌల్యానికీ కొదవలేదు. వికృత వేషాలంకారాలు రెండవ భాగంలో కావలసినన్ని ఉన్నాయి. ఈ సూత్రాలతో ఆమె పాత్రను దాదాపు పూర్తిగా వ్యాఖ్యానించవచ్చు. కాని ఈ జాబితాలోని విభావాలన్నీ వ్యక్తిని ఆశ్రయించినవి. ఒక శాసనం, తనకు కన్నూ మనసూ లేకుండా, యాంత్రికంగా తన పని తాను చేసుకుపోవడం వల్ల కలిగే నవ్వుకు వీటిలో చోటు లేదు. తెలుగు హాస్యసాహిత్య విమర్శ ‘గణపతి’నీ ‘బారిష్టర్ పార్వతీశం’నూ పరిశీలించేటప్పుడు పాత్రపైనా, మాటతీరుపైనా దృష్టి నిలపడానికి ఈ సంప్రదాయం కొంత కారణం కావచ్చు. ఆ రెండు నవలలకూ ఆ దృష్టి చాలుతుంది. మిట్‌ఫర్డ్‌కు చాలదు.

శాసనం నవ్వు పుట్టించాలంటే దాన్ని దగ్గరనుంచి చూసే కన్ను కావాలి. ఆ కన్ను ఈ నవలలో ఫానీది. కథ చెప్పే ఫానీ కులీన కుటుంబంలోనే పుట్టింది. తల్లి భర్తలను విడిచి విడిచి వెళ్లిపోయే మనిషి కావడంతో పిన్ని ఎమిలీ దగ్గర పెరిగింది. ఆక్స్‌ఫర్డ్ అధ్యాపకుణ్ణి పెళ్లాడి ఒక చిన్న ఇంట్లో కాపురముంటుంది. హాంప్టన్ సౌధంలో ఆమెకు ఆహ్వానం ఉంటుంది, పడకగది ఉంటుంది, లేడీ మాంట్‌డోర్ చీవాట్లలో వాటా కూడా ఉంటుంది. ఆస్తిలో మాత్రం ఏ వాటా ఉండదు, రాగలదన్న ఆశా లేదు. ఆమె లోపలి మనిషే కాని వరుసలో నిలబడిన మనిషి కాదు. ఆశపడేవాడు చెప్పితే ఈ కథ కుట్ర కథ అయ్యేది. బయటివాడు చెప్పితే నిందాపత్రం అయ్యేది. వారసత్వం లేని ఇంటిమనిషి చెప్పడం వల్ల హాస్యం అయింది.

రచయిత్రి జీవితంలోనూ ఇదే స్థితి ఉన్నది. ఆమె రెండవ బేరన్ రీడ్స్‌డేల్ పెద్ద కూతురు. ఆరుగురు అక్కచెల్లెళ్లకు ఒక్కడే సోదరుడు, టామ్. అతను 1945లో బర్మా యుద్ధరంగంలో మరణించాడు. నాలుగేళ్ల తరువాత ఈ నవల వెలువడింది. 1958లో తండ్రి మరణించినప్పుడు, ఆరుగురు కూతుళ్లలో నలుగురైదుగురు దేశమంతా ఎరిగిన వ్యక్తులై ఉన్నా, బిరుదు తండ్రి తమ్ముడికి వెళ్లింది. రచయిత్రికి ఇది వార్త కాదు, పుట్టిన రోజు నుంచీ తెలిసిన నియమం. కడుపుమంట చల్లారిన తరువాత మిగిలే నవ్వు ఆమెది. జీవితచరిత్రను నవలకు తాళంచెవిగా వాడడం విమర్శలో ప్రమాదకరమైన అలవాటే అయినా, ఇక్కడ సామ్యం కథలో కాక కథకురాలి స్థానంలో ఉన్నందున దాన్ని విస్మరించడం కుదరదు.

ఇంతవరకూ చెప్పినది ఇంగ్లండుకే పరిమితమైన వింతగా తోచవచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పట్టణాల భూచరిత్రను పక్కన పెట్టి చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. 1800లో కంపెనీ వశమైన దత్తమండలాలలో థామస్ మన్రో పాళెగాళ్లను అణచి రైత్వారీ పద్ధతికి బాట వేశాడు. అప్పటి కడప జిల్లాలో భాగమైన మదనపల్లె ప్రాంతం ఆ పద్ధతిలోకి వచ్చింది. కొద్ది ఆమడల దూరంలోని పుంగనూరు మాత్రం ఉత్తర ఆర్కాటు జిల్లాలో జమీందారీగా నిలిచింది. కుప్పం ముఖ్యపట్టణంగా కంగుంది జమీందారీ కూడా అలాగే నిలిచింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ రెండు రకాల భూములూ ఒకే జిల్లా కిందికి వచ్చాయి. ఒకే మాండలికం, ఒకే రాగిసంగటి. వారసత్వం దగ్గర మాత్రం రెండు లోకాలు.

మదనపల్లె రైతు ఇంట్లో మితాక్షర న్యాయం నడిచేది. కొడుకు పుట్టుకతోనే పిత్రార్జితంలో భాగస్థుడు. అన్నదమ్ములు వేరుపడితే చేను చీలుతుంది, బావినీటికి వంతులు పడతాయి, చింతచెట్టు కాపులో కూడా పాళ్లు తేలుతాయి. పాళెగాళ్ల నాటినుంచి వచ్చిన సంస్థానాలలో సాధారణంగా కనిపించే ఆచారం దీనికి విరుద్ధం. గద్దె జ్యేష్ఠుడిది, తమ్ముళ్లకు జీవనభృతి. గద్దెను చీల్చితే గద్దె ఉండదన్నది దాని తర్కం. అప్పులపాలవుతున్న ఇటువంటి వంశాలను కాపాడటానికే మద్రాసు ప్రభుత్వం 1904లో అవిభాజ్య ఎస్టేట్ల చట్టం చేసింది. కనుక హాంప్టన్ సౌధపు నియమం పుంగనూరు, కుప్పం పాఠకుడికి పరాయిది కాదు. మదనపల్లె పాఠకుడికే అది వింతగా తోస్తుంది. (నేడు పుంగనూరు పేరు దేశమంతటా వినవస్తున్నది జమీందారుల వల్ల కాక పొట్టి ఆవుల వల్ల. అక్కడా వంశశుద్ధే ప్రశ్న కావడం కాకతాళీయం.)

మరి జ్యేష్ఠ వారసత్వం ఉన్న తెలుగుదేశంలో ఈ రకం హాస్యనవల ఎందుకు నిలదొక్కుకోలేదు? జమీందారీ పీడన నవ్వుకు తగిన వస్తువు కాదన్న సమాధానం తొందరగా నోటికి వస్తుంది. అది చాలదు. కన్యాశుల్కం పీడన కాదా? దానిపై తెలుగులో అత్యుత్తమ హాస్యరచన వెలసింది. కారణాన్ని రెండు చోట్ల వెదకాలి. ఒకటి చట్టంలో, రెండవది కలం పట్టినవాడు నిలుచున్న చోటులో.

చట్టంలోని భేదం దత్తత. ఇంగ్లండులో దత్తతకు చట్టబద్ధత వచ్చినదే 1926లో. ఆ తరువాత కూడా దత్తపుత్రుడికి ప్రభుబిరుదు సంక్రమించదు. కనుక లార్డ్ మాంట్‌డోర్‌కు ఎంపిక లేదు. రక్తం ఎవరిని చూపితే వారే. హిందూ న్యాయంలో కొడుకు లేనివాడు కొడుకును ఎంచుకోగలడు. దక్షిణాదిలో భర్త అనుమతి లేకున్నా జ్ఞాతుల సమ్మతితో వితంతువు దత్తత చేసుకోవచ్చునని 1868లో రామనాథపురం వ్యాజ్యంలో ప్రీవీ కౌన్సిల్ తీర్పు చెప్పింది. ఎంపిక ఉన్నచోట ఆశ పుడుతుంది. ఆశ ఉన్నచోట వ్యాజ్యం పుడుతుంది. సెడ్రిక్ వంటివాడు తెలుగు సంస్థానానికి అనుకోని విపత్తుగా రాడు. అతణ్ణి రానీయకుండా ఏ చిన్నపిల్లవాణ్ణో ముందే తొడమీద కూర్చోబెట్టుకొని ఉండేవారు, దాన్ని సవాలు చేస్తూ సెడ్రిక్ మద్రాసులో వకీలును పెట్టుకొని ఉండేవాడు. పిఠాపురం సంస్థానం వ్యాజ్యాలే సాక్ష్యం. దత్తత జరిగిన తరువాత కుమారుడు కలగడం, సంస్థానాన్ని ఆ కుమారుడికి వీలునామా రాయడం, దత్తపుత్రుడు దాన్ని సవాలు చేయడం, వీలునామా చెల్లుతుందని 1899లో ప్రీవీ కౌన్సిల్ నిర్ణయించడం – ఇందులో ఒక నవలకు చాలినంత వస్తువు ఉన్నది. ఆ తీర్పుతో గద్దె నిలిచిన సూర్యారావు పేరే ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’కు దక్కింది. తెలుగు శాఖల గ్రంథాలయాలలో నిత్యం తిరగేసే ఆ సంపుటాల వెనుక ఒక వీలునామా ఉన్నదన్నమాట.

తెలుగు సంస్థానాల వారసత్వ కథలు ఈ విధంగా తీర్పుల సంపుటాలలోకి వెళ్లిపోయాయి. అక్కడ వాది ప్రతివాదులకు నవ్వే తీరిక ఉండదు. పందెం కట్టినవాడికి ఆట వినోదం కాదు.

రెండవ కారణానికి గురజాడ జీవితమే నిదర్శనం. విజయనగరం సంస్థానాన్ని ఆయన లోపలినుంచి ఎరిగినవాడు. ‘కన్యాశుల్కం’ 1897 ముద్రణను ఆనంద గజపతికి అంకితమిచ్చాడు. అదే ఏట గజపతి మరణించిన తరువాత ఆయన సోదరికి ఆంతరంగిక కార్యదర్శిగా ఉన్నాడు, సంస్థాన వారసత్వ వ్యాజ్యం పనిలో ఏళ్లు గడిపాడు. తెలుగులో సంస్థాన వారసత్వ హాస్యం రాయగల సమర్థుడు ఒక్కడే ఉన్నాడంటే అది ఆయనే. వస్తువు చేతిలో ఉంది, శక్తి ఉంది. అయినా 1909 నాటి ‘కన్యాశుల్కం’లో వ్యాజ్యాలు అగ్రహారీకులవీ కరటకులవీ. దివాణపు వ్యాజ్యం వాసన కూడా అందులో లేదు. దీనికి ధైర్యలోపాన్ని కారణంగా చెప్పడం అన్యాయం. ఆయనది ఇంటిమనిషి స్థానం కాదు, ఉద్యోగి స్థానం. రహస్యాలు తెలుసుకోవడం ఆయన పని, దాచడం ఆయన ధర్మం. ఫానీకి ఆ ధర్మం లేదు. ఆమె ఎవరి ఉప్పూ జీతంగా తినలేదు.

సంస్థానాన్ని చిత్రించిన తెలుగు రచనలను ఈ కోణం నుంచి చూస్తే చూపు ఎక్కడినుంచి పడుతున్నదో తెలుస్తుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి ‘వడ్లగింజలు’లో పేద బ్రాహ్మణ చదరంగపు ఆటగాడు దివాణపు గుమ్మం దాటడానికి పడే పాట్లు అద్భుతమైన హాస్యంతో సాగుతాయి. అది గుమ్మం బయటినుంచి చూసిన దివాణం. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జ్ఞాపకాలలో సంస్థానాల వింతలకు లోటు లేదు. అది అతిథికవి చూసిన దివాణం. సత్కారం ముట్టినచోట మెచ్చుకోలు, ముట్టనిచోట చురక. విశ్వనాథ ‘వేయిపడగలు’లో సుబ్బన్నపేట కోట ఒక ధర్మానికి ప్రతీకగా నిలిచి కూలుతుంది. ప్రతీకను చూసి నవ్వడం కష్టం. అడవి బాపిరాజు ‘నారాయణరావు’ వీటన్నిటిలోకి మిట్‌ఫర్డ్ వస్తువుకు దగ్గరగా వస్తుంది. జమీందారు కూతురు, జమీందారు కాని అల్లుడు, బిరుదు లేదని అల్లుణ్ణి చిన్నచూపు చూసే అత్తవారిల్లు. వర్గభేదం నుంచి హాస్యం పుట్టడానికి కావలసిన సరంజామా అంతా ఉన్నది. బాపిరాజు దాన్ని సౌందర్యం వైపు, ఆదర్శం వైపు నడిపించాడు. నాయకుడు అన్నిటా అత్తవారికంటే మిన్న అని ముందే తేలిపోతే హాస్యానికి పని ఉండదు. ఈ నవల, ‘వేయిపడగలు’ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని పంచుకున్న సంగతి విదితమే. ఆనాటి తెలుగు నవల జమీందారీ నుంచి ఏమి ఆశించిందో ఆ బహుమతి చెబుతుంది.

వారసత్వం లేని ఇంటిమనుషులు తెలుగు సంస్థానాలలో లేకపోలేదు. భృతి పుచ్చుకొని మేడ వెనుక వసారాలో కాలక్షేపం చేసిన తమ్ముళ్లు ఉన్నారు. కట్నకానుకలతో వెళ్లిపోయిన ఆడపడుచులు ఉన్నారు. దత్తపుత్రుడు పెద్దవాడయ్యేవరకు పెత్తనం నడిపి పక్కకు తప్పుకున్న వితంతు రాణులు ఉన్నారు. ఫానీ చూడగలిగినవన్నీ వీరు చూశారు. రాసే కలం మాత్రం దివానులకూ ఆస్థానకవులకూ వకీళ్లకూ దక్కింది. సంస్థాన సాహిత్యంపై జరిగిన పరిశోధన అంకితాలనూ కృతిభర్తలనూ లెక్కించడంలో చూపిన శ్రద్ధను ఈ వసారాల వైపు చూపలేదు. ఇది చిన్న లోపం కాదు. కృతిభర్త చరిత్రను కృతికర్త మాటల్లోనే విని నమ్మిన చరిత్ర అవుతుంది అది.

సెడ్రిక్ వృత్తాంతానికి మదనపల్లె చరిత్రలో ఒక విచిత్రమైన సమాంతరం ఉంది. 1895లో ఆ ఊళ్లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని అనీబిసెంట్ తన సంరక్షణలోకి తీసుకున్నది. తండ్రి నారాయణయ్య దావా వేయగా 1913లో మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. 1914లో ప్రీవీ కౌన్సిల్ దాన్ని తలకిందులు చేసింది. ఇంగ్లండులో ఆ బాలుణ్ణి తల్లిలా చేరదీసిన లేడీ ఎమిలీ లట్యెన్స్ స్వయానా ఒక వైస్రాయి కూతురు, లార్డ్ లిట్టన్ బిడ్డ. వైస్రాయి కుటుంబపు స్త్రీ, దూరదేశం నుంచి వచ్చిన సుందర యువకుడు, అతని రాకతో ఆమె జీవితమే మారిపోవడం – మిట్‌ఫర్డ్ నవలలోని అమరిక ఇదే. నవలకు ఈ ఉదంతం మూలమని అనడానికి ఆధారమేమీ లేదు. అనవలసిన అవసరమూ లేదు. పోల్చవలసినది ముగింపులను. సెడ్రిక్ తనకు దక్కినదాన్ని నిండుగా అనుభవిస్తాడు. కృష్ణమూర్తి 1929లో నక్షత్ర సంఘాన్ని రద్దుచేసి, హాలండులోని ఈర్డె కోటనూ భూములనూ ఇచ్చినవారికే తిరిగి అప్పగించాడు. చట్టం ఎంచిన వారసుడికి తిరస్కరించాలన్న ఆలోచనే తట్టదు. మనుషులు ఎంచిన వారసుడు తిరస్కరించగలడు. దత్తత ఉన్న లోకపు కథలు గంభీరంగా మారడానికి ఈ స్వేచ్ఛ కూడా ఒక కారణం.

నవలలోని బలహీనతను దాచడం న్యాయం కాదు. బాయ్ డగ్‌డేల్‌కు పసిపిల్లలను అసభ్యంగా తాకే అలవాటు ఉంది. ఆ పిల్లలు అతనికి పెట్టిన పరిహాసనామంతో కథ నవ్వేసి ముందుకు సాగుతుంది. పాలీ మోహానికి మూలం ఆ బాల్యంలోనే ఉన్నదని మాత్రం చెబుతుంది. శాసనాన్ని అంత నిర్దాక్షిణ్యంగా పట్టిచూపిన చూపు ఈ మనిషి దగ్గర మెత్తబడింది. ఇది కేవలం కాలభేదం వల్ల కలిగిన అభిరుచిభేదం అనిపించుకోదు. ఇంటిమనిషి కథనానికి ఉన్న హద్దు ఇక్కడ బయటపడుతుంది. ఇంటి రహస్యాన్ని చెప్పగలిగిన ఫానీ, ఇంటి నేరాన్ని నేరంగా పలకలేకపోయింది.

ఇదే వివాహం తెలుగు పాఠకుడిని మరో రకంగా తికమకపెడుతుంది. బాయ్ పాలీకి మేనత్త భర్త, అంటే మామ వరస. మేనమామ పెళ్లి ఆచారంగా ఉన్న సమాజంలో ‘మామ’ అన్న పిలుపు వినగానే పాఠకుడి మనసు ఒక క్షణం అనుమతి వైపు తూగుతుంది. అతను మేనమామ కాడన్న స్పృహ ఆ తరువాత వస్తుంది. ఇంగ్లండులో మరణించిన భార్య మేనకోడలిని పెళ్లాడడాన్ని చట్టం అనుమతించినదే 1931లో. కనుక ఆంగ్ల పాఠకుడి దిగ్భ్రమ వరస దగ్గర మొదలైతే, తెలుగు పాఠకుడి దిగ్భ్రమ మేనత్త పోయిన కొద్ది రోజులకే అన్నచోట మొదలవుతుంది. అనువాదంలో ఒక్క పిలుపు మార్చినా నవ్వు స్థానం మారిపోతుంది.

కాలం కూడా ఈ రెండు లోకాలనూ దగ్గరచేసింది. మద్రాసు ప్రభుత్వం జమీందారీ రద్దు చట్టాన్ని 1948లో చేసింది, నవల మరుసటి ఏట వచ్చింది. పుంగనూరు, కంగుంది గద్దెలకు చట్టమే ముగింపు రాస్తున్న రోజులలో లండన్ పాఠకులు హాంప్టన్ గద్దెను చూసి నవ్వుకుంటున్నారు. ఆ తరువాతి చరిత్ర వేర్వేరు దారులు పట్టింది. ఆంధ్రప్రదేశ్ 1986 నాటి సవరణతో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు కల్పించింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. ఇంగ్లండులో ఆస్తి నియమాలు 1925లోనే మారినా, అత్యధిక ప్రభుబిరుదులు నేటికీ కూతుళ్లకు రావు. పాలీ మదనపల్లెలో పుట్టి ఉంటే నేడు ఈ కథే ఉండదు.

ఈ నవల తెలుగులోకి వస్తే అనువాదకుడు ఎదుర్కొనే అసలు చిక్కు సర్వనామాలది. మిట్‌ఫర్డ్ 1955లో ‘ఎన్‌కౌంటర్’ పత్రికలో ఆంగ్ల కులీనులపై రాసిన వ్యాసం పెద్ద దుమారం రేపింది. భాషాశాస్త్రవేత్త అలన్ రాస్ పరిశీలన ఆధారంగా, కులీనులు ఏ వస్తువును ఏ మాటతో పిలుస్తారో, ఆ మాట జారితే మనిషి వర్గం ఎలా బయటపడుతుందో అందులో వివరించింది. అద్దానికి ఒక మాట కులీనం, మరొకటి కాదు. ఉత్తరాలు రాసే కాగితానికీ అంతే. ఆంగ్లంలో నిత్యవ్యవహారానికి మధ్యమపురుష సర్వనామం ఒక్కటే మిగలడంతో అంతరాలను నామవాచకాలలో దాచుకోవలసి వచ్చిందని ఊహించవచ్చు. తెలుగుకు ఆ దాపరికం అవసరం లేదు. నువ్వు, మీరు, తమరు, ఏలినవారు అన్న మెట్లు క్రియాంతాల దాకా బహిరంగంగానే ఉన్నాయి. ఫానీ లేడీ మాంట్‌డోర్‌ను ‘మీరు’ అంటుంది, ఆమె ఫానీని ‘నువ్వు’ అంటుంది. ఇంతవరకు చిక్కు లేదు. సెడ్రిక్ సంగతి అలా కాదు. వచ్చిన రోజున అతను ‘తమరు’ అనే తీరాలి. ఆ ఇంటిని తన చేతిలోకి తీసుకొన్న తరువాత అదే పిలుపు కొనసాగితే అబద్ధం అవుతుంది. ఏ పుటలో, ఏ విందులో, ఎవరు వింటూ ఉండగా అతను లేడీ మాంట్‌డోర్‌ను మొదటిసారి ‘నువ్వు’ అన్నాడో మూలం చెప్పదు. తెలుగు అనువాదకుడు చెప్పక తప్పదు.